చుక్కల మందుకు లొంగని కోడి చెవి: అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొరిటెపాడు నుంచి ఒకావిడ పెంపుడు పెట్టను బుట్టలో పెట్టుకుని మా పశువైద్యశాలకు వచ్చారు. పిల్లలు మారాం చేస్తే వీధిలో కొన్న రంగు కోడిపిల్ల అది. ఆ గులాబీ రంగు ఎప్పుడో వెలిసిపోయింది, ఇప్పుడు మేడ మీద పెత్తనమంతా దానిదే. కుడి చెవి దగ్గర ఈకలు అట్టకట్టాయి, ఒకటే వాసన. "మూడు వారాల నుంచి చుక్కలు వేస్తున్నానండీ, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొస్తోంది" అన్నారు.

అపోహ: చీము ఉంటే కారాలి. కారడం లేదంటే తగ్గిపోయినట్టే.

వాస్తవం: కోడి చీము కారదు. మన చీము పలచగా ఉండటానికి తెల్లరక్తకణాల్లోని ఎంజైములు కారణం. కోడి రక్తంలో ఆ పని చేసే హెటెరోఫిల్ కణాల్లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము లేదు. అందుకే చీము కరగకుండా పనీరు ముక్కలా గట్టిపడి చెవి రంధ్రంలో బిరడాలా కూర్చుంటుంది. చుక్కలు వేస్తే పైనుంచే జారిపోతాయి. నోటి ద్వారా ఇచ్చిన మందు రక్తంలో కలుస్తుంది, కానీ ఆ ముక్కలోకి రక్తమే వెళ్లదు. ముందు అది బయటికి రావాలి.

గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డను చెవి మీద పది నిమిషాలు ఉంచి, మెత్తబడిన మేరకే తీస్తాం. ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఈ పెట్టకు మూడుసార్లు పట్టింది, చివరిసారి శనగగింజంత ముక్క ఊడివచ్చింది. ఇంట్లో మీరు తడపడం వరకే చేయండి. కోడి చెవి రంధ్రం పొట్టిది, కర్ణభేరి దగ్గర్లోనే ఉంటుంది. ఇయర్ బడ్ పెట్టి తిప్పితే గడ్డ ఇంకా లోపలికి పోతుంది. కోడిని టవల్‌లో చుట్టి పట్టుకోండి, రొమ్ము మాత్రం నొక్కకండి. దానికి మనలా ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, డయాఫ్రం) లేదు. రొమ్ము కదలకపోతే ఊపిరి ఆడదు.

అపోహ: పిల్లలకు వాడగా మిగిలిన చెవి చుక్కలు చాలు.

వాస్తవం: కర్ణభేరికి చిల్లు పడి ఉంటే జెంటామైసిన్ లాంటివి లోపలి చెవిని దెబ్బతీస్తాయి. కొన్నింటిలో స్టెరాయిడ్ కూడా ఉంటుంది, అది పక్షుల రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. వెల్లుల్లి కాచిన నూనె సంగతి అడగకండి, కాలిన చెవులు చూశాను.

అపోహ: మెడ వంకర పోయిందంటే కొక్కెర తెగులే (రాణిఖేత్ వ్యాధి), ఇక కోసేయడమే.

వాస్తవం: లోపలి చెవికి ఇన్ఫెక్షన్ పాకినా తల ఒక పక్కకు వాలిపోతుంది. అలాగని కొక్కెర తెగులును తేలిగ్గా తీసుకోకూడదు. టీకా వేయించారా, ఆకుపచ్చగా విరేచనాలు అవుతున్నాయా, పక్క కోళ్లు కూడా చచ్చిపోతున్నాయా అని అడిగాకే ఓ మాట చెబుతాం. ఈలోగా ఆ కోడిని విడిగా ఉంచండి.

అపోహ: చెవి తమ్మె తెల్లగా ఉంటే జబ్బు.

వాస్తవం: జబ్బు కాదు, జాతి లక్షణం. లెగ్‌హార్న్‌లకు తెల్లగానే ఉంటుంది.

అపోహ: శుభ్రం చేశాక కూడా తిరగబెడితే ఇంకా ఘాటైన యాంటీబయోటిక్ కావాలి.

వాస్తవం: ముందు కంటి కింద వాపు, తుమ్ములు, ముక్కు కారడం ఉన్నాయేమో చూడండి. కోరైజా, మైకోప్లాస్మా లాంటి శ్వాసకోశ జబ్బుల వల్ల వచ్చిందైతే చెవి ఒక్కటీ కడిగితే సరిపోదు. గోమార్లు, పేలు ఉన్నాయేమో ఈకలు విడదీసి వెతకండి. వానాకాలంలో గంప కింద తడి ఆరదు, అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. అప్పటికీ లొంగకపోతే చెవిలోంచి స్వాబ్ తీసి, ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేయించాలి. మన పక్కనే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. అంతేగానీ ఫారం వాళ్ల దగ్గర మిగిలిన పొడి తెచ్చి నీళ్లలో కలపకండి. అలాంటి పొడుల్లో ఉండే కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు వాడేందుకు తయారుచేయడాన్ని, అమ్మడాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది.

అపోహ: మందు చెవికే కదా, గుడ్లు తినొచ్చు.

వాస్తవం: నోటి ద్వారానో ఇంజెక్షన్‌గానో ఇచ్చిన యాంటీబయోటిక్ గుడ్డులోకీ చేరుతుంది. కోర్సు నడిచినన్నాళ్లూ, ఆపాక డాక్టర్ చెప్పినన్ని రోజులూ ఆ గుడ్లు పారేయాల్సిందే. ఈ మాట కొరిటెపాడు ఆవిడకు మందు రాసిన రోజు చెప్పడం మర్చిపోయి, మూడో రోజు చెప్పాను.

"అయ్యో, పొద్దున్నే గుడ్డట్టు వేశానండీ!" అన్నారు.