స్పీకర్లు మార్చాక ఎయిర్‌బ్యాగ్ లైటు ఎందుకు వెలిగింది?

బరంపురం నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: ముందు డోర్లకు కొత్త స్పీకర్లు వేయించాక ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు. సైడ్ సెన్సర్ పోయింది, మార్చాల్సిందే అంటున్నాడట మెకానిక్. నిజమేనా?

చాలా కార్లలో డోర్లోని సెన్సర్ కొలిచేది కుదుపును కాదు, గాలి పీడనాన్ని. గంటకు 50 కి.మీ. వేగంతో పక్క నుంచి గుద్దిన బండి 5 మిల్లీసెకన్లలో దాదాపు 7 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది. డోరుకీ మనిషికీ మధ్య ఉండేదే జానెడు జాగా. బయటి రేకు లోపలికి నలగ్గానే డోర్లోని గాలి ఇరుకున పడుతుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి పిడి నొక్కి చూడండి. మెల్లగా నొక్కితే గాలి వేలి సందుల్లోంచి జారుకుంటుంది. ఠక్కున నొక్కితే వేలిని తన్నుతుంది. అంత తక్కువ వ్యవధిలో వేడి కూడా బయటికి పోలేదు. అందుకే ఘనపరిమాణం 5 శాతం తగ్గితే పీడనం దానికి 1.4 రెట్లు, అంటే 7 శాతం, సుమారు 7 కిలోపాస్కల్స్ పెరుగుతుంది. డోరు ఎంత గట్టిగా వేసినా రేకు నలగదు కాబట్టి ఇంత రాదు. అయినా ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె, అంటే మాడ్యూల్, ఈ ఒక్క సాక్ష్యాన్నే నమ్మదు. కుదుపును కొలిచే యాక్సిలరోమీటర్ కూడా ఔనంటేనే బ్యాగు విచ్చుకుంటుంది.

ఇలాంటి సెన్సర్‌కు సాధారణంగా రెండే తీగలు. పీఎస్ఐ5 అనే, సెన్సర్లు మాడ్యూల్‌తో మాట్లాడే పద్ధతిలో వాటి మీదే కరెంటు తీసుకుంటుంది, వాటి మీదే కబురు పంపుతుంది: తాను లాగే కరెంటును 26 మిల్లీ యాంపియర్ల మేర పెంచి దించుతూ, సెకనుకు 1,25,000 బిట్ల చొప్పున. కాబట్టి మల్టీమీటర్‌తో సెన్సర్ ఓమ్స్ చూసి తీర్పు చెప్పడం దండగ.

రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బండికి పూజ చేయించి, బంపర్‌కు నిమ్మకాయలు కట్టి, ఈ లైటు మీద మాత్రం నల్ల టేపు అంటించేవాళ్లున్నారు!

ఈ కేసులో మొదటి అనుమానం సెన్సర్ మీద కాదు. స్పీకర్లు వేసేటప్పుడు సెన్సర్ కనెక్టర్ ఊడదీసి ఉండగా ఎవరో ఇగ్నిషన్ ఆన్ చేసి ఉంటారు. మాడ్యూల్‌లో తప్పు కోడ్ నమోదై, కనెక్టర్ తిరిగి పెట్టినా చెరపలేదు. ఎస్ఆర్ఎస్ (ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ) కోడ్‌లు చదవగల స్కానర్ పెట్టి కోడ్ రాసుకోండి (చవక స్కానర్లు ఇంజన్‌వే చదువుతాయి). చెరిపాక మళ్లీ రాకపోతే పని అయిపోయినట్టే.

వస్తే, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం 3 నిమిషాలు ఆగాలి. మాన్యువల్ ఎక్కువ చెబితే అంతసేపు. మాడ్యూల్‌లోని కెపాసిటర్లు ఖాళీ కావాలి. పిన్నులు చూడండి. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి, పిన్నుల మధ్య కరెంటు కారితే కబురు చెడుతుంది. తర్వాత తీగకు రెండు కొసలూ ఊడదీసి కంటిన్యుటీ, అంటే తీగ మధ్యలో తెగిందా లేదా, చూడాలి. డోరు కీలు దగ్గరి రబ్బరు గొట్టాన్ని అటూ ఇటూ వంచుతూ చూడాలి, తీగ తెగేది ఎక్కువగా అక్కడే. ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ తీగల జోలికి మాత్రం మీటర్ పోకూడదు. తీగలు బాగుండి, రెండు సెన్సర్ల పార్ట్ నంబర్లూ ఒకటే అయితే కుడి ఎడమలు మార్చి బిగించండి. కోడ్ సెన్సర్‌తోపాటు రెండో డోరుకు వెళితే సెన్సరే పోయింది. ఉన్నచోటే ఉంటే తీగనో మాడ్యూల్‌నో అనుమానించాలి.

లైటు చెప్పని తప్పు ఇంకొకటుంది. స్పీకర్లు వేసేటప్పుడు డోరు లోపలి ప్లాస్టిక్ షీటు చింపేసినా, స్పీకర్ చుట్టూ సందు వదిలేసినా గాలి అక్కడినుంచి తప్పించుకుంటుంది. విద్యుత్తుగా అంతా సరిగ్గానే ఉంటుంది కనుక కోడ్ రాదు. చిరిగిన షీటు మార్చి అంచుల్లో బ్యూటైల్ టేపు వేయించండి, స్పీకర్ కింద ఫోమ్ గాస్కెట్ పెట్టించండి. సెన్సర్ స్క్రూలు కూడా మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించాలి.