కోడింగ్ క్లాసులో ఆటలేంటి? అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లోని మా కోడింగ్ క్లాసులో కొత్త బ్యాచ్ మొదలైతే చాలు, ఎవరో ఒక తండ్రి వచ్చి నిలదీస్తారు: "ఏటి మాస్టారూ, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతారని చేర్పిస్తే మావోడిచేత ఆటలాడిస్తన్నారట?"

అపోహ: గేమ్ ప్రాజెక్టులు టైంపాస్. ముందు సిలబస్ పూర్తవ్వాలి.

వాస్తవం: పిల్లల్ని ఎక్కువగా ముంచేది ఈ నమ్మకమే. మేం ఆడించట్లేదు బాబూ, రాయిస్తున్నాం. కంప్యూటర్ 1 నుంచి 100 లోపు ఒక సంఖ్య అనుకుంటుంది, మనం కొట్టినదానికంటే అది పెద్దదో చిన్నదో చెబుతుంది, మనం కనుక్కోవాలి. ఇరవై లైన్లు దాటదు. మనం కొట్టిన ఇన్‌పుట్‌ని పైథాన్ అక్షరాలుగానే తీసుకుంటుంది, దాన్ని ఇంట్‌గా, అంటే పూర్ణసంఖ్యగా మార్చడం మర్చిపోతే పెద్దదా చిన్నదా అని పోల్చగానే టైప్ ఎర్రర్. అది చిన్న విషయం. ఆమధ్య ఒకమ్మాయి ర్యాండింట్ లైన్ (కంప్యూటర్ చేత ఏదో ఒక సంఖ్య ఎంపిక చేయించేది) తీసుకెళ్లి వైల్ లూప్ (మళ్లీ మళ్లీ నడిచే కోడ్) లోపల పెట్టింది. ఎర్రర్ ఏమీ రాలేదు. పక్క సీటు కుర్రాడు ఆడుతూ ఒకటే గొడవ: "50 కంటే పెద్దదంది, 51 కొడితే చిన్నదంటోంది. తొండి!" ఆ అమ్మాయి కాసేపు స్క్రీన్ వంక చూసి, ఆ లైన్‌ని లూప్ పైకి జరిపింది. ఛాన్స్ ఛాన్స్‌కీ కొత్త సంఖ్య పుడుతోందని నేను చెప్పనక్కర్లేకపోయింది. స్క్రీన్ మీద చుక్కల బొమ్మలు ప్రింట్ చేసే స్టార్ ప్యాటర్న్‌లు బట్టీ పట్టేవాడికి ఇలా తొండి అని అరిచేవాడు దొరకడు.

రెండో రోజుకి అదే ఆటలో పందెం. ప్రతిసారీ మధ్య సంఖ్య కొట్టి, మిగిలినవాటిని సగానికి సగం తగ్గించుకుంటూ వెళ్తే 7 ఛాన్సుల్లో ఏ సంఖ్యైనా దొరకాల్సిందే. బైనరీ సెర్చ్ అంటే ఇదే, ఇంటర్వ్యూల్లో అడిగేదీ ఇదే. అన్నట్టు, 1972 నాటి అటారీ కంపెనీ వీడియో గేమ్ పాంగ్ కూడా అలన్ ఆల్‌కార్న్ అనే కొత్త ఇంజినీరుకి పని అలవాటు కావడానికి ఇచ్చిన ఎక్సర్‌సైజే. అందులో కోడ్ లేదు, అంతా సర్క్యూట్లే.

అపోహ: గేమ్స్ చేస్తే గేమింగ్ కంపెనీల్లోనే ఉద్యోగం.
ఎవరో సీనియర్ వాట్సాప్‌లో పెట్టాడట. వదిలేయండి.

అపోహ: గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కావాలి.
పైథాన్‌తో పాటే వచ్చే, బొమ్మలు గీసే టర్టిల్‌కి అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ చాలు. అప్పు చేయకండి.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకి కష్టం.
శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చే పిల్లలు ఈ మాట గొంతు తగ్గించి అడుగుతారు. నేర్చుకోవాల్సిన కీవర్డులు, అంటే పైథాన్ సొంత ఇంగ్లిష్ మాటలు, ముప్పై చిల్లర, అంతేనమ్మా. మెసేజ్‌లు తెలుగులోనే ప్రింట్ చేయొచ్చు. ఒకడు "ఇంకా పెద్దదిరా బాబూ" అని పెట్టాడు, క్లాసంతా వాడి గేమే ఆడింది.

ఇక మొదటి వారంలోనే పబ్జీ లాంటిది చేస్తానని వచ్చేవాళ్లకి మాత్రం నేను ఒప్పుకోను. ముందు ఆ ఇరవై లైన్లు, చూడకుండా రాసి చూపించాలి.