ఉచితంగా ఇచ్చే టీబీ మందులకు పవర్ ఉండదా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకాయన మేమిచ్చిన మందుల కవరు తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టేశారు. "ప్రభుత్వం మందులకు పవర్ ఉండదంట కదా మేడమ్, బయట కొనుక్కుంటాను" అన్నారు. టీబీ క్లినిక్‌లో నర్సుగా ఈ మాట వినని నెల లేదు.

అపోహ: ఉచిత మందు బలహీనం.

వాస్తవం: మామూలు టీబీకి ఎక్కడైనా ముందు ఇచ్చేది ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబ్యుటాల్. క్లినిక్‌లో తీసుకున్నా షాపులో కొన్నా మందులు ఇవే. మనిషి బరువును చూసి మోతాదు రాస్తారు. కోర్సు సాధారణంగా ఆరు నెలలు. అన్ని నెలలు డబ్బు పెట్టి కొనడం పేదింటికి కష్టం. మధ్యలో ఆపితే ఆ ఇంట్లో అదే గాలి పీల్చే పసివాళ్లకు కూడా ముప్పే. ప్రభుత్వాలు ఉచితంగా ఇస్తున్నది ఇందుకే.

కుట్టుపని చేసే ఒకమ్మాయి గుర్తొస్తోంది. రెండు నెలలు బయట కొని వాడింది. దగ్గు తగ్గింది, ఒళ్లు వచ్చింది, చేతిలో డబ్బు అయిపోయింది. ఆపేసింది. దగ్గు తగ్గినా క్రిములు ఇంకా లోపల మిగిలే ఉంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొన్ని నెలలకు కళ్లెలో రక్తంతో మా దగ్గరికి వచ్చింది. పరీక్ష చేస్తే రిఫాంపిసిన్ పనిచేయని టీబీ అని తేలింది. వేరే మందులు, వాంతులు, నెలల తరబడి పని లేదు. చివరికి బాగైంది. ముందే ఎందుకు రాలేదని అడిగితే, "లైన్లో తెలిసినవాళ్లు చూస్తారని" అంది. అప్పటి నుంచి ఎవరైనా పవర్ లేదంటే ముందు ఆ భయం గురించే అడుగుతాను. మొన్న వచ్చినాయనదీ అదే టెన్షన్. జనం తగ్గాక సాయంత్రం రమ్మన్నాను. వస్తున్నారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టీబీ వంశపారంపర్యం కాదు. దాని క్రిమిని రాబర్ట్ కోఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1882లోనే చూపించారు. గాలి ద్వారా సోకుతుంది, కాబట్టి కంచం, గ్లాసు వేరు చేసి మనిషిని బాధపెట్టకండి. కిటికీలు తెరవండి. మూత్రం నారింజ రంగులో వస్తే అది రిఫాంపిసిన్ రంగు, కంగారు వద్దు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం అదే రోజు రండి.

"ఇది పేదల జబ్బు" అనే మాట నాకు కోపం తెప్పిస్తుంది. ఎవరికైనా వస్తుంది. ఇరుకు గదుల్లో, సరిగా తిండి లేనిచోట ఎక్కువగా వస్తుంది. రోగుల కుటుంబాలకు ఆహార సరుకులు ఇస్తే ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని జార్ఖండ్‌లో చేసిన అధ్యయనం 2023లో చూపించింది. తిండి కూడా చికిత్సలో భాగమే.

మధ్యలో కొన్ని రోజులు మందు తప్పిపోయిందా? తిడతారని ఇంట్లోనే ఉండిపోకండి. మిగిలిన మాత్రలు, ఖాళీ స్ట్రిప్పులు పట్టుకుని రండి. ఎన్ని రోజులు తప్పాయో లెక్క చూసి, ఇక ఎలా వాడాలో డాక్టర్ గారు చెబుతారు.