అమ్మని ఇంటికి అమ్మకం ధర: ఇంటి పన్ను ఇక్కడిదాకా ఎలా వచ్చింది

2021 వేసవిలో, కరోనా రెండో వేవ్ ఇంకా పూర్తిగా తగ్గకముందే, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను మీద గొడవ మొదలైంది. అంతవరకు ఇంటికి అద్దె ఎంత వస్తుందో లెక్కగట్టి వేసిన పన్నును, ఇకపై ఆ ఇల్లూ స్థలం విలువ ఎంతో చూసి వేస్తామని ప్రభుత్వం చెప్పింది. జనం అడిగింది ఒకటే: మేం ఇల్లు అమ్ముకోవట్లేదు కదా, అమ్మితే ఎంతొస్తుందో చూసి పన్నేంటి?

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దీని వెనక వందేళ్ల కథ ఉంది, అది తెలియకుండా నోటీసు చదివితే సగమే అర్థమవుతుంది.

తెలుగు నేల మీద ఇంటి పన్ను గురించి మాట్లాడితే చీరాల నుంచే మొదలుపెట్టాలి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. వినడానికి హోదా పెరిగినట్టే ఉంటుంది గానీ, అక్కడివాళ్లలో ఎక్కువమంది నేతపనివాళ్లు, చిన్న రైతులు, చిల్లర వ్యాపారులు. యూనియన్ పంచాయతీగా ఉన్నప్పుడు ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్ను భారం మున్సిపాలిటీ అయ్యాక 40,000కు చేరింది. పదింతలు. బదులుగా కొత్తగా వచ్చిన సౌకర్యం మాత్రం కనపడలేదు. మాకు మున్సిపాలిటీ వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పన్ను కట్టడం మానేశారు, కట్టనందుకు జైలుకూ వెళ్లారు.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు: శాంతియుతంగా పన్ను నిరాకరిస్తూ వచ్చిన శిక్ష భరించడం, లేదంటే ఊరు వదిలిపోవడం. మున్సిపాలిటీ హద్దుల్లో మనుషులే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? జనం ఎంచుకున్నది ఈ రెండో దారి. వేలమంది సొంత ఇళ్లకు తాళాలు వేసి, పొలిమేర దాటి, రామనగర్ అని పేరు పెట్టుకున్న చోట పాకలు వేసుకున్నారు. ఆ పాకల్లో దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. ఎండా వానా రెండూ చూశారు. గోపాలకృష్ణయ్యను అరెస్టు చేశాక, చేతిలో డబ్బులు అయిపోయాక, ఉద్యమం మెల్లగా సన్నగిల్లి జనం వెనక్కి వచ్చారు. మున్సిపాలిటీ అలాగే ఉండిపోయింది.

స్కూలు పుస్తకాల్లో దీన్ని స్వాతంత్ర్య పోరాటంలో ఒక పేరాగా చదివి వదిలేస్తాం. నా లెక్కలో అది అంతకంటే ముందు ఇంటి పన్ను గొడవ. సొంత ఇల్లున్నవాడు ఆ ఇంటి మీద వేసిన పన్ను కట్టలేక పాకలోకి వెళ్లిపోయిన సందర్భం.

ఆ కాలంలో తీరాంధ్ర మున్సిపాలిటీలను నడిపింది 1920 నాటి మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న పద్ధతే అందులోనూ ఉంది: ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చో ఊహించి, అందులో ఇంత శాతం పన్ను. ఇదే వార్షిక అద్దె విలువ. ఊహించి అన్న మాట దగ్గరే తిరకాసంతా. ఎవరు ఊహిస్తారు? మున్సిపల్ ఆఫీసు మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి ఒక అంకె రాసుకుని వెళ్తాడు. పక్కింటికి ఒకలా, మనింటికి ఒకలా. చేయి తడిపితే ఇంకోలా.

ఈ ఊహను కోర్టుదాకా లాగింది కూడా తెలుగువాళ్లే. గుంటూరు పన్ను చెల్లింపుదారుల సంఘం, గుంటూరు మున్సిపల్ కౌన్సిల్ మధ్య కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఇంటికి న్యాయమైన అద్దె ఎంత అవుతుందో, దాన్ని బట్టే మున్సిపాలిటీ అద్దె విలువ కట్టాలని 1970లో కోర్టు తీర్పిచ్చింది. ఆ న్యాయమైన అద్దెను ఎవరూ ఇంకా నిర్ణయించకపోయినా సరే, ఆ సూత్రాలే పాటించాలంది. దేశంలో చాలా పన్ను కేసుల్లో ఈ గుంటూరు తీర్పు పేరు వినిపిస్తుంది. ఇంటి ఓనర్లకు ఊరటే గానీ, మున్సిపాలిటీల ఆదాయానికి అదొక పెద్ద బ్రేకు. బజార్లో అద్దెలు ఎంత పెరిగినా కాగితం మీద పెరగవు కదా.

అందుకే తర్వాత చట్టాలు మార్చుకుని, ఒక్కో ఇంటికి అద్దె ఊహించే పని తీసేసి, ఊరిని జోన్లుగా విడగొట్టి చదరపు అడుగుకు నెలకు ఇంత అని రేటు కట్టే పద్ధతి తెచ్చారు. ఇల్లు ఏ జోన్‌లో ఉంది, శ్లాబా రేకులా, ఎంత పాతది, అందులో కాపురమా దుకాణమా, ప్లింత్ ఏరియా, అంటే కట్టడం విస్తీర్ణం, ఎంత. ఇంతే. హైదరాబాద్‌లో ఇప్పటికీ నడుస్తున్నది ఈ అద్దె విలువ పద్ధతే. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు నెలకు రూపాయి రేటు అనుకుందాం. ఏడాదికి 12,000. ఇంటి వయసు కింద 10 శాతం తీసేస్తే 10,800. అందులో 30 శాతం పన్ను అంటే 3,240, దానికి 8 శాతం గ్రంథాలయ సెస్సు కలిపితే దాదాపు 3,500. నెల అద్దె విలువ 300 దాటిన ఇళ్లకే ఈ 30 శాతం, అంతకంటే తక్కువుంటే శాతం కూడా తగ్గుతుంది. ఈ రోజుల్లో 300 దాటని ఇల్లెక్కడుందో నాకైతే తెలియదు.

ఆ 8 శాతం సెస్సు సంగతి చాలామందికి తెలియదు. గ్రంథాలయాల చట్టం కింద మున్సిపాలిటీ మన దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు అది. మీ ఊరి లైబ్రరీలో ఫ్యాన్ తిరగకపోతే, పేపరు రాకపోతే, దానికి మీరు ఏటా డబ్బు కడుతున్నారని గుర్తు పెట్టుకుని అడగండి.

జోన్ల పద్ధతి వరకు బాగానే ఉంది. చెడింది ఎక్కడంటే, రేట్లను ఎప్పటికప్పుడు సవరించకపోవడంలో. ఉమ్మడి రాష్ట్రంలో నివాసాల పన్నును 2002లో, దుకాణాలు, ఆఫీసుల పన్నును 2007లో సవరించారు. ఆ తర్వాత నివాసాల జోలికి వెళ్లే ధైర్యం ఏళ్ల తరబడి ఎవరూ చేయలేదు. ఎన్నికలు వస్తాయి, పోతాయి, ఇంటి పన్ను ముట్టుకుంటే ఓట్లు పోతాయి. ముట్టుకోకపోగా ఎదురు తాయిలాలు. హైదరాబాద్‌లో ఏడాదికి 1,200 లోపు పన్నున్న ఇళ్లకు దాన్ని 101 రూపాయలు చేశారు. 2020 నవంబరులో, జీహెచ్ఎంసీ ఎన్నికలకు కొద్దిగా ముందు, 15,000 లోపు పన్నున్న ఇళ్లకు ఆ ఏడాది సగం మాఫీ, దానికి దీపావళి కానుక అని పేరు. బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేసే వన్ టైమ్ స్కీమ్ అయితే 2020 నుంచి మళ్లీ మళ్లీ వచ్చింది. ఏప్రిల్‌లోనే పరిగెత్తుకెళ్లి కట్టినవాడికి 5 శాతం రాయితీ, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి వడ్డీలో 90 శాతం. సక్రమంగా కట్టేవాడికి మండదా మరి?

ఇంకోవైపు ఆంధ్రప్రదేశ్‌లో అదే 2020లో వేరే కథ నడిచింది. కరోనాతో రాష్ట్రాల ఖజానాలు ఖాళీ అయ్యాయి. అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం ఒప్పుకుంది గానీ, అందులో కొంత భాగానికి షరతులు పెట్టింది: రేషన్ పోర్టబిలిటీ (కార్డుతో ఎక్కడైనా రేషన్ తీసుకునే వీలు), వ్యాపార అనుమతుల సరళీకరణ, విద్యుత్ సంస్కరణలు, నాలుగోది పట్టణ సంస్కరణలు. ఈ నాలుగో దాని అర్థం ఏమిటంటే, ఇంటి పన్ను కనీస రేట్లు రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపడాలి, నీటికి, మురుగుకు ఖర్చుకు తగ్గ చార్జీలు వేయాలి. 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణాలకిచ్చే గ్రాంట్లకు ఇలాంటి మెలికే పెట్టింది. ఆ షరతుకు తగ్గట్టే ఇంటి పన్నును అద్దె నుంచి విలువకు మారుస్తూ 2020 నవంబరు 24న ఆంధ్రప్రదేశ్‌లో జీవో 198 వచ్చింది. పట్టణ సంస్కరణలు ముందుగా పూర్తి చేసిన రెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మధ్యప్రదేశ్ రెండోది. అందుకు ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది 2,525 కోట్ల అదనపు అప్పు తీసుకునే వీలు. జాగ్రత్తగా చదవండి, అది గ్రాంటు కాదు, అప్పు. చెత్త పన్ను కూడా ఆ రోజుల్లోనే వచ్చింది, తర్వాతి ప్రభుత్వం 2024లో దాన్ని ఎత్తేసింది. విలువ ఆధారిత పన్నును మాత్రం ఎత్తేయలేదు.

కొత్త లెక్కలో నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం, వాణిజ్య భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను వేయొచ్చు. 375 చదరపు అడుగుల లోపు సొంత నివాసానికి ఏడాదికి 50 రూపాయలు. గొడవ తగ్గించడానికి పెట్టిన గొళ్లెం ఏమిటంటే, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదు. ఇది విని చాలామంది హమ్మయ్య అనుకున్నారు. కాస్త ఆగి లెక్క వేయండి. పాత పన్ను 2,000, ఇంటి విలువ 40 లక్షలు, రేటు 0.12 శాతం అనుకుంటే కట్టాల్సింది 4,800. మొదటి ఏడు 2,300, తర్వాత 2,645, ఆ తర్వాత 3,042, ఇలా పెరుగుతూ ఏడో ఏడాదికి 4,800ను అందుకుంటుంది. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువలు సవరిస్తే ఆ 4,800 కూడా ముందుకు జరుగుతుంది. అందుకే ఏటా నోటీసులో అంకె పెరుగుతూ ఉంటుంది, మీ ఇంటికి ఒక్క ఇటుక కూడా కలపకపోయినా.

విలువ మీద పన్ను వేయడమే తప్పని నేను అనను. అద్దె ఊహించడం కంటే ఇందులో పారదర్శకత ఎక్కువ, రిజిస్ట్రేషన్ విలువ ఎవరైనా చూసుకోవచ్చు. టెక్సస్‌లో ఇల్లు కొన్న మనవాళ్లను అడగండి, అక్కడా మార్కెట్ విలువ మీదే వేస్తారు, సొంతంగా ఉండే ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదన్న పరిమితీ ఉంది. తేడా ఎక్కడంటే, అక్కడి బిల్లులో స్కూలుకు ఇంత, కౌంటీకి ఇంత, సిటీకి ఇంత అని విడివిడిగా ఉంటుంది. మన నోటీసులో పన్ను ఎంతో ఉంటుంది, ఎటు పోయిందో ఉండదు. చీరాలవాళ్ల కోపం కూడా పది రెట్లయిందని మాత్రమే కాదు, పది రెట్లు కట్టి ఏం వస్తుందని.

సరే, నోటీసు చేతికొచ్చాక ఏం చూడాలి? ముందు ప్లింత్ ఏరియా, వినియోగం. పాతికేళ్ల కింద కింది గదిలో కిరాణా కొట్టు నడిపి మూసేసినా, రికార్డులో ఇంకా దుకాణమనే ఉండొచ్చు, అప్పుడు పన్ను నివాసం కంటే చాలా ఎక్కువ పడుతుంది. అపార్ట్‌మెంట్ అయితే స్థలంలో మీ వాటా ఎన్ని గజాలుగా రాశారో డాక్యుమెంటుతో పోల్చండి. ఇంటి వయసు తగ్గించి రాస్తే తరుగు తగ్గి పన్ను పెరుగుతుంది. తేడా ఉంటే నోటీసులో ఇచ్చిన గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టి, అందినట్టు రసీదు తీసుకోవాలి. నోటితో చెప్పొచ్చింది గాలికి పోతుంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24, బ్యాంకు అప్పు కంటే ఎక్కువ.

అనుమతి లేని అంతస్తు వేసినవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. దానికీ పన్ను వేస్తారు, పైన 25 నుంచి 100 శాతం దాకా జరిమానా కూడా కలుపుతారు, అయినా అది సక్రమం అయినట్టు కాదు. అలాగే పన్ను రసీదు మీ పేరు మీద ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు, హక్కుకు రిజిస్ట్రేషన్ పత్రమే ఆధారం. కాకపోతే రసీదు పాత యజమాని పేరు మీదే ఉంటే అమ్మేటప్పుడు, బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడు తిప్పలు తప్పవు, కాబట్టి ఇల్లు కొన్న వెంటనే పేరు మార్పిడి చేయించేసుకోండి, దానితో పాటే పాత బకాయిలు ఏమైనా ఉన్నాయేమో కూడా చూసుకోండి, అవి అమ్మినవాడి వెంట పోవు, ఇంటితో పాటే మీకు వస్తాయి.