బానెట్ మీది పేరు ఎవరిది? మాస్సీ ఫెర్గూసన్ వివాదం వెనుక ఆరు దశాబ్దాలు

కృష్ణా డెల్టాలో దమ్ము చక్రాలు బిగించుకుని మడిలోకి దిగే ఎర్ర ట్రాక్టరును మన రైతులు 'మాస్సీ' అనే పిలుస్తారు గానీ, దాన్ని తయారుచేసే చెన్నై సంస్థ టాఫే పేరు అంతగా తలవరు. 2024లో ఆ పేరుకు యజమాని అయిన అమెరికా వ్యవసాయ యంత్రాల సంస్థ ఆగ్కో, టాఫేతో ఉన్న బ్రాండు ఒప్పందాన్ని రద్దు చేయబోయినప్పుడు వ్యవహారం కోర్టులకెక్కడానికి మూలం ఇక్కడే ఉంది.

మద్రాసులో సింప్సన్ కంపెనీ కేంద్రంగా అమాల్గమేషన్స్ గ్రూపును నిర్మించిన ఎస్. అనంతరామకృష్ణన్, విదేశీ ట్రాక్టర్ల సంస్థ మాస్సీ ఫెర్గూసన్ సహకారంతో 1960లో టాఫేను స్థాపించారు. పెరంబూరు చుట్టుపక్కల తెలుగువారికి బాగా తెలిసిన సెంబియంలోనే దాని కర్మాగారం వెలిసింది. 1964లో ఆయన కన్నుమూశాక బాధ్యత కుమారుల మీద పడగా, వారిలో శివశైలం టాఫేను దశాబ్దాలపాటు నడిపించారు. రైతుకు యంత్రం అమ్మితే సరిపోదని, సాగు పద్ధతులను పరీక్షించి చూపాలని సంస్థ చెన్నై శివార్లలో 1964లోనే జేఫార్మ్ అనే పరిశోధనా క్షేత్రాన్ని నెలకొల్పడం నా దృష్టిలో ఆ తరం చేసిన అత్యంత దూరదృష్టి గల పని.

శివశైలం కుమార్తె మల్లికా శ్రీనివాసన్ అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో ఎంబీఏ ముగించుకుని 1986లో సంస్థలో చేరేనాటికి టాఫే వార్షిక అమ్మకాలు సుమారు 85 కోట్ల రూపాయలు. వారసురాలిగా ఆమెకు దక్కింది నికరమైన ఫ్యాక్టరీ, నమ్మకమైన డీలర్లు. దక్కనిది మాత్రం ట్రాక్టరు మీది పేరు. ఆ పేరు 1994లో మాస్సీ ఫెర్గూసన్‌ను కొన్న ఆగ్కో చేతికి వెళ్లింది. ఆమె 2005లో ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని కొనడాన్ని చాలామంది కేవలం విస్తరణగానే చూశారు. నిజానికి సంస్థకు సొంతమైన మరో బలమైన బ్రాండు ఏర్పడింది దానితోనే. మరోవైపు టాఫే ఆగ్కోలోనే వాటాలు కొంటూ 16 శాతానికి పైబడి, దాని అతిపెద్ద వాటాదారుగా ఎదిగింది. ఆగ్కోకూ టాఫేలో 20.7 శాతం వాటా ఉండేది. ఇలా ఒకరిలో ఒకరు వాటాదారులైన రెండు సంస్థల నడుమ బ్రాండు తగవు వస్తే అది లైసెన్సు కాగితాలతో తెగేది కాదు.

2025 జులైలో రాజీ కుదిరింది. భారత్, నేపాల్, భూటాన్‌లలో మాస్సీ ఫెర్గూసన్ పేరుపై సంపూర్ణ హక్కు టాఫేకు దక్కింది. తనలో ఆగ్కోకున్న వాటాను టాఫే 26 కోట్ల డాలర్లకు తిరిగి కొనుక్కునేందుకు, ఆగ్కోలో తన వాటాను మాత్రం 16.3 శాతం దాటనివ్వకుండా ఉంచుకునేందుకు అంగీకరించింది.