మ్యూజియంలో ర్యాంపు తర్వాత ఏముంది? అందుబాటుపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని మ్యూజియంలను, కళావేదికలను వైకల్యం ఉన్న సందర్శకులతో కలిసి తిరిగి చూసి, ఎవరికి ఎక్కడ దారి మూసుకుపోతోందో నిర్వాహకులకు నివేదిక రాసివ్వడం నా వృత్తి. ఈ పనిలో అధికారుల నుంచి, ఇంజనీర్ల నుంచి, ఒక్కోసారి సందర్శకుల నుంచి కూడా పదేపదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు చెడ్డ ఉద్దేశంతో అన్నవి కావు. అయినా గుమ్మం దాటిస్తే మన బాధ్యత తీరిపోయిందనీ, లోపల ఉన్న శిల్పం దాకా, నాణెం దాకా, పద్యం దాకా ఆ మనిషిని చేర్చనక్కర్లేదనీ అవి మనల్ని నమ్మిస్తాయి కాబట్టి ఇక్కడ వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: "మా దగ్గరికి అలాంటివారు ఎవరూ రారు."

వాస్తవం: 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను మాత్రమే పేర్కొనగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆ జనాభా లెక్కలు ఈ విస్తృత జాబితా కన్నా ముందువి. వారిలో మన ఊరివారు లేరా? ఉండవల్లి గుహల దగ్గర చెప్పులకు, సంచులకు కాపలాగా కిందనే కూర్చుండిపోయే పెద్దవాళ్లను గమనించండి. ఇంటిల్లిపాదీ మెట్లెక్కి, శయనించిన అనంతపద్మనాభస్వామిని చూసి దిగివస్తారు. మోకాళ్లు సహకరించని పెద్దావిడ ఆ విగ్రహం ఎలా ఉంటుందో మనవళ్లను అడిగి తెలుసుకుంటుంది. సందర్శకుల సంఖ్యలో ఆమె కూడా ఒకరే గాని, ఆమె చూడలేకపోయిందన్న సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

అపోహ: "ర్యాంపు కట్టేశాం, ఇక పని పూర్తయింది."

వాస్తవం: ర్యాంపు వాలుకు ఒక లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల పొడవు కావాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడు ఉన్న చోట 18 అడుగుల ర్యాంపు అవసరం కాగా, అక్కడ ఆరడుగుల సిమెంటు వాలు పోసి సరిపెట్టిన సందర్భాలు నేను చాలా చూశాను. అంత నిటారు వాలు మీద వీల్‌చైర్ వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంటుంది; ఇద్దరు మనుషులు నెట్టుకుపోవలసి వస్తే దాన్ని దారి అనలేం. రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు, పైనా కిందా చదునైన స్థలం, తడిసినా జారని నేల, 900 మిల్లీమీటర్ల తలుపు వెడల్పు, లోపల వీల్‌చైర్ పూర్తిగా తిరగడానికి 1500 మిల్లీమీటర్ల జాగా ఉంటేనే అది దారి అవుతుంది.

వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను ఒక భవనానికి రాసిన నివేదికలో "ర్యాంపు ఉంది" అని టిక్కు పెట్టాను. తర్వాత వీల్‌చైర్ వాడే మిత్రుడితో అక్కడికే వెళితే, ఆ ర్యాంపు చివర ఉన్న తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న ఉద్యోగి భోజనానికి వెళ్లాడు. ఎండలో మేం ముప్పావు గంట నిలబడ్డాం. ఆ రోజు నుంచి తలుపు తెరిచి, లోపలికి వెళ్లి, బయటికి వచ్చేదాకా నేను దేనికీ టిక్కు పెట్టడం లేదు.

లోపలికి వెళ్లాక మరో అడ్డంకి ఎదురవుతుంది. కూర్చున్న మనిషి కంటి ఎత్తు నేల నుంచి సుమారు 43 నుంచి 48 అంగుళాలు. నిలబడ్డవారి కోసం బల్లపరుపుగా పేర్చిన నాణేల పెట్టెలో అతనికి కనిపించేది అద్దం మీద ట్యూబులైటు మెరుపు మాత్రమే. పెట్టెను కాస్త దించి, నాణేలను ముందుకు వాల్చి అమర్చి, కింద మోకాళ్లు పట్టేంత ఖాళీ వదిలితే పిల్లలకు కూడా ఆ నాణేలు కనిపిస్తాయి.

అపోహ: "చూపు లేనివారికి మ్యూజియంలో ఏముంటుంది? మహా అయితే ఒక బ్రెయిలీ బోర్డు పెడదాం."

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించే అపోహ ఇదే. అమరావతి శిల్పం ఉలి, చెయ్యి కలిసి సున్నపురాయిలో ఎత్తుపల్లాలుగా మలచినది; వేళ్లతో చదవడానికి అంతకన్నా అనువైన కళ అరుదు. అసలు శిల్పాన్ని అందరూ తాకితే చేతుల జిడ్డు, చెమట రాయికి పడతాయి కాబట్టి ముట్టుకోవద్దనే నియమం సబబే. అయితే దానికి నకలు చేయించవచ్చు. ఢిల్లీలోని జాతీయ మ్యూజియం తాకి చూడదగిన నకళ్లతో 2015లోనే 'అనుభవ్' అనే ప్రత్యేక గ్యాలరీని ఏర్పాటు చేసింది. మనకు పక్కనే కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే చేతులు తరతరాలుగా ఉన్నాయి.

నకలు చేయడంలోనూ మెళకువ ఉంది. ఇరవై మంది మనుషులు కిక్కిరిసిన ఫలకాన్ని చిన్నదిగా చేసి ఇస్తే వేళ్లకు గరుకుతనం తప్ప ఏమీ అందదు. మొదట మొత్తం ఆకారం రేఖలుగా, తర్వాత ఒక్క భాగం పెద్దదిగా, చివరకు అసలు కొలత తెలియడానికి ఒక గుర్తు అందించాలి. పక్కన వినిపించే వివరణ కూడా అదే వరుసలో సాగాలి: ఎంత పెద్దది, దేనితో చేసింది, కింద ఏముంది, పైకి వెళితే ఏముంది. "అద్భుతమైన శిల్పం" అనే మాట వింటున్నవారికి ఏమీ చూపించదు.

ఇక బ్రెయిలీ విషయం. ఒకచోట ఫ్లెక్సీ మీద నల్లని చుక్కలుగా ముద్రించిన బ్రెయిలీని చూశాను. చేత్తో తడిమితే నున్నగా ఉంది. దాన్ని రూపొందించినవారికి ఆ చుక్కలు ఉబ్బెత్తుగా ఉండాలని ఎవరూ చెప్పలేదు. ఉబ్బెత్తుగా ఉన్నా, తలకు మించిన ఎత్తులో గోడకు బిగిస్తే చదవడం సాధ్యం కాదు; నడుము ఎత్తులో, ఏటవాలుగా ఉండాలి. పెద్దయ్యాక చూపు కోల్పోయినవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు కాబట్టి మాటల్లో వినిపించే వివరణ తప్పనిసరి.

అపోహ: "వినికిడి లేనివారు బోర్డులు చదువుకుంటారు కదా."

వాస్తవం: పుట్టుకతో వినికిడి లేని చాలామందికి సహజమైన భాష భారతీయ సంజ్ఞా భాష. దానికి తనదైన వ్యాకరణం ఉంది. తెలుగు మాటలకు చేతులతో చేసే అనువాదం కాదది. అలాంటివారికి తెలుగు రెండో భాష కాగా, మన బోర్డుల మీద "అర్ధశిల్ప ఫలకం", "ప్రదక్షిణాపథ వేదిక" వంటి మాటలు వినగలిగే నాకే ఒకప్పుడు అర్థం కాలేదు. సంజ్ఞా భాషలో చిన్న వీడియోలు, వాటితో పాటు తేట తెలుగు వాక్యాలు రెండూ అవసరం.

నాటకశాలల్లో ఈ లోటు మరీ ఎక్కువ. తుమ్మలపల్లి కళాక్షేత్రం, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం వంటి వేదికల మీద నాటకాలు చూస్తూ పెరిగిన ప్రాంతం మనది. రాగం సాగుతుండగా పద్యపాదాలను వేదిక పక్కన తెర మీద చూపిస్తే, వినికిడి తగ్గిన పెద్దలకే కాక, పద్యం తొలిసారి వింటున్న కుర్రవాళ్లకు కూడా అది అర్థమవుతుంది. సంజ్ఞా భాషలో చెప్పేవారు ఉంటే, వేదిక మీద దీపాలు తగ్గినా వారి ముఖం మీద వెలుగు తగ్గకూడదు.

అపోహ: "రక్షిత కట్టడం కాబట్టి చట్టం ఏమీ చేయనివ్వదు."

వాస్తవం: 2016 చట్టం కళలను, సాంస్కృతిక కార్యక్రమాలను కూడా అందుబాటులోకి తేవాలని చెబుతోంది. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను మార్చడానికి, 2017లో నిబంధనలు వెలువడిన నాటి నుంచి అయిదేళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువు ముగిసిపోయింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరి నిబంధనలుగా ఉండాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న స్పష్టం చేసింది. పాత రాతికి మేకు కొట్టమని ఎవరూ అడగడం లేదు. రాతిని తాకకుండా అమర్చి, అవసరమైతే తీసేయగల చెక్క ర్యాంపులు ఉన్నాయి. ఉండవల్లి వంటి నాలుగంతస్తుల గుహాలయానికి లిఫ్టు పెట్టలేం, నిజమే. కానీ కింద, నీడలో, తాకి చూడగల నమూనాను, పై అంతస్తుల దృశ్యాలను చూపే తెరను ఏర్పాటు చేయడానికి ఏ రాయీ అడ్డు రాదు.

అపోహ: "ఖర్చు భరించలేం."

వాస్తవం: అక్షరాల పరిమాణం పెంచడం, లేత రంగు మీద లేత రంగు ముద్రించకపోవడం, వీపు ఆనించుకునే బల్లలు గదికి రెండు వేయడం, లోపల ఏ సౌకర్యం ఉందో ఏది లేదో ముందే ఫోనులో నిజం చెప్పడం వంటివాటికి పెద్దగా ఖర్చు కాదు. శబ్దం, రద్దీ తట్టుకోలేని ఆటిజం ఉన్న పిల్లల కోసం వారానికి ఒక నిశ్శబ్దపు గంట కేటాయించడానికి అసలు ఖర్చే లేదు.

అపోహ: "డిజైన్ పూర్తయ్యాక ఒకసారి వైకల్యం ఉన్నవారికి చూపిస్తాం."

వాస్తవం: అప్పటికి ఆలస్యమైపోతుంది. వారిని మొదటి గీతల దశలోనే పిలవాలి. ఇంజనీరుకు ఇచ్చినట్టే వారికీ పారితోషికం ఇవ్వాలి. ఒకసారి మేం పూర్ణఘటం, అంటే తామరలు నిండిన కుండ శిల్పం, నకలు తయారు చేయించాం. మా కళ్లకు అది ముచ్చటగా ఉంది. చూపు లేని అయిదుగురి చేతికి ఇస్తే, కుండను అందరూ గుర్తుపట్టారు గానీ, అంచు మీది తామర మొగ్గలను ముగ్గురు దీపం వత్తులనుకున్నారు. రెండో నకలులో మొగ్గలు రెండు తగ్గించి, కాడలను కుండ మూతి దాకా దించి, వాటి మధ్య వేలు దూరేంత సందు వదిలాం.