అట్లాస్ ఎందుకు ఆగిపోయిందని అడిగిన మనుమలకు

చిన్నోడికీ, బుజ్జమ్మకూ తాతయ్య దీవెనలు.

మొన్న మీరు అడిగినదానికి నేను సగం జవాబు చెప్పానో లేదో, మీ అమ్మ హోంవర్క్ అంటూ ఫోన్ లాక్కుంది. మిగతా సగం కూడా ఫోన్‌లో చెబితే అదే గతి పడుతుంది కాబట్టి రాస్తున్నాను. ‘భుజాల మీద భూగోళం మోసే మనిషి బొమ్మ ఉంటుందే, ఆ అట్లాస్ సైకిలు అంత గట్టిదైతే కంపెనీ ఎందుకు మూతపడింది తాతా?’ అని కదా మీ ప్రశ్న. నల్లగొండ ప్రకాశం బజారులో సైకిళ్లు బిగించి, విప్పి, కిరాయికిచ్చి బతికినవాణ్ణి. నన్ను కాక ఇంకెవర్ని అడుగుతారులే.

ముందు ఒకటి తెలుసుకోండి. సైకిలు మీద పేరు వేరు, ఆ పేరు వెనక ఫ్యాక్టరీ వేరు. రెండూ కలిసి పుట్టాలని లేదు, కలిసి పోవాలనీ లేదు.

నా చిన్నప్పుడు ఊళ్లలో కనిపించిన పాత సైకిళ్లకు అన్నీ ఇంగ్లండు పేర్లే. రాలీ, హంబర్, రడ్జ్, ఫిలిప్స్, హెర్క్యులిస్, బీఎస్ఏ. పట్వారీ దగ్గరో, హెడ్మాస్టరు దగ్గరో ఒకటుండేది. హ్యాండిల్ కింద ముందు గొట్టానికి ఇత్తడి బిళ్ల. రాలీ బిళ్ల మీద కొంగ తల ఉండేది. బీఎస్ఏ బిళ్ల మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉండేవి. సైకిలుకు తుపాకులేమిటంటారా? బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేయడానికే పెట్టిన కంపెనీ అది, సైకిళ్లు తర్వాత మొదలుపెట్టారు.

స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ సరుకు మీద ప్రభుత్వం కట్టడి పెట్టింది. దాంతో ఆ ఇంగ్లండు కంపెనీలు ఇక్కడివాళ్లతో పొత్తు కుదుర్చుకున్నాయి. 1949లో మురుగప్ప అనే వ్యాపార కుటుంబంవాళ్లు మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెడితే హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ అక్కడ తయారయ్యాయి. బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్-రాలీ ఫ్యాక్టరీ వచ్చింది. రాలీ, హంబర్, రడ్జ్, రాబిన్‌హుడ్ దాని సరుకు. ఇక పూర్తిగా మనవాళ్లవి అంటే 1951లో హర్యానా వైపు సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూధియానాలో ముంజాల్ అన్నదమ్ములు మొదలుపెట్టిన హీరో. ఆ హీరోనే 1986 నాటికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ బుక్కుకెక్కింది.

మా షాపుకు కొత్త సైకిలు సైకిలులా వచ్చేది కాదు. ఫ్రేమ్ ఒక చోట, రిమ్ములు ఒక కట్ట, పుల్లలు, అంటే స్పోకులు, ఒక ప్యాకెట్టు, మడ్‌గార్డులు గోనెగుడ్డలో చుట్టి, లారీ ట్రాన్స్‌పోర్టులో ముక్కలుగా వచ్చేది. బిగించడం మా పని. మీ సైకిళ్లకు ఎన్ని పుల్లలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఆ పాత 28 అంగుళాల చక్రాల సైకిళ్లకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది కదా, అందుకు. చక్రం నడుమ హబ్బులో తిరిగే ఉక్కు గోళీలూ అంతే. ముందు చక్రానికి ఒక్కో వైపు పది చిన్నవి, వెనక చక్రానికి ఒక్కో వైపు తొమ్మిది పెద్దవి. కిరోసిన్‌లో కడిగి, గిన్నె నిండా గ్రీజు పట్టించి, వేలి కొసతో ఒక్కొక్కటే అద్దేవాళ్లం. ఏడాదికోసారి ఇట్లా మొత్తం విప్పి బిగిస్తే ఓవరాయిలింగ్ అనేవాళ్లు.

ఆ 40 పుల్లల చక్రం మన జిల్లాలో ఏమేం మోసిందో చెబితే నమ్మరు. గీత కార్మికులు చెట్టెక్కే సామాను మోకు, ముస్తాదు భుజాన వేసుకొని, కల్లు లొట్లు (కుండలు) క్యారియర్‌కు కట్టుకొని తాటివనం నుంచి ఊళ్లోకి వచ్చేవాళ్లు. మునుగోడు, మర్రిగూడ దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. మంచినీళ్లున్న బావి ఎంత దూరమైనా సరే, క్యారియర్‌కు అటూ ఇటూ బిందెలు వేలాడదీసుకొని పోయి తెచ్చుకునేవాళ్లు. నీళ్ల బిందెలతో సైకిలు తొక్కడం వడ్ల బస్తాతో తొక్కినట్టు కాదు. నీళ్లు లోపల ఊగుతుంటే హ్యాండిల్ చేతిలో నిలవదు. చాలామంది తొక్కకుండా నెట్టుకుంటూనే నడిచేవాళ్లు. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి పోయేవాళ్లకు తాపీ, తట్ట పెట్టుకునే చోటు కూడా ఆ క్యారియరే. పెళ్లిళ్ల కాలం వస్తే మా షాపు కిటకిటలాడేది. అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టాల్సిందే. వాయిదాల మీద ఇమ్మని ఆడపిల్ల తండ్రి కౌంటరు ముందు నిలబడితే నాకు ఆ అమ్మకం మీద సంతోషం ఉండేది కాదు, అయినా అమ్మేవాణ్ణి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆ సైకిళ్లన్నీ దాదాపు ఒకే అచ్చు. అట్లాస్ పెడల్ హీరోకు పట్టేది. లూధియానాలో ఏదో చిన్న షెడ్డులో చేసిన చైను రాలీకి పట్టేది. టైరు, ట్యూబు, వాల్ ట్యూబు (గాలి పోకుండా వాల్వుకు తొడిగే సన్న లబ్బరు గొట్టం), బ్రేకు లబ్బర్లు ఎవరివి ఎవరికైనా సరిపోయేవి. నిడమనూరు దగ్గర పల్లెలో సైకిలు చెడిపోతే అక్కడి కొట్టులోనే సామాను దొరికేది. కొన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? సైకిలు తండ్రి నుంచి కొడుకుకు పోయిందంటే కారణం అదే. పదేళ్లకు దాంట్లో ఫ్రేమూ బిళ్లా తప్ప పాత సామానేమీ మిగిలేది కాదు, అయినా అది అట్లాస్ సైకిలే.

కంపెనీకి మాత్రం అదే దెబ్బ. అందరిదీ ఒకే సైకిలు అయినప్పుడు కొనేవాడు ఏం చూస్తాడు? ఎవడు యాభై రూపాయలు తక్కువకు ఇస్తాడో చూస్తాడు. ఒకసారి కొన్నవాడు పాతికేళ్ల దాకా మళ్లీ కొత్తది కొనడు, విడి సామాను లాభం లూధియానా షెడ్డుకు పోతుంది. ఉక్కు ధర పెరిగినా సైకిలు ధర అంతగా పెంచడానికి లేదు, ఎందుకంటే కొనేది కూలీ, పాలవాడు, చిన్న రైతు. చవగ్గా, ఎక్కువగా చేయగలిగినవాళ్లు నిలబడ్డారు. తక్కినవాళ్ల పని కష్టమైంది.

సేన్-రాలీనీ, బొంబాయిలోని హింద్ సైకిల్స్‌నూ 1980లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసి జాతీయం చేసింది. తర్వాత అవీ నిలబడలేదు. హింద్ సైకిలు పేరు మీరు విని కూడా ఉండరు. అంతలో మోపెడ్లు వచ్చాయి. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50. పెట్రోలు పోయగలిగినవాడు సైకిలు దిగిపోయాడు. ఈరోజు మన గీత కార్మికుల బండి ఏది? టీవీఎస్ ఎక్సెల్. అప్పుడు క్యారియర్‌కు కట్టిన లొట్లే, ఇప్పుడు దానికి కడుతున్నారు.

అట్లాస్ చాలాకాలం నిలబడింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు సైకిళ్లు ఇచ్చింది వాళ్లే. తర్వాత మధ్యప్రదేశ్‌లోని మలన్‌పుర్ ఫ్యాక్టరీ 2014లో ఆగింది, సోనీపత్‌ది 2018లో. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌ది మిగిలింది. 2020 జూన్ 3న దాని గేటుకు నోటీసు అంటించారు, ముడిసరుకు కొనడానికి కూడా డబ్బు లేదని. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. కరోనా లాక్‌డౌన్ అప్పుడే సడలుతున్న రోజులు. ఆ వార్త చదివి నేను ఆశ్చర్యపోలేదు. అట్లాస్ కావాలని షాపుకు వచ్చి అడిగినవాణ్ణి చూసి అప్పటికే ఎన్నాళ్లో అయింది.

ఇంకో తమాషా చూడండి. నాటింగ్‌హామ్‌లో రాలీ ఫ్యాక్టరీ 2002లో ఆగిపోయింది, రాలీ పేరుతో సైకిళ్లు మాత్రం ఇప్పటికీ అమ్ముతున్నారు. హెర్క్యులిస్, బీఎస్ఏ ఇంగ్లండులో ఎప్పుడో పోయాయి, మద్రాసు పుణ్యమా అని ఇక్కడ ఇంకా ఉన్నాయి. మీ మేనత్త హైస్కూలుకు పోయిన లేడీబర్డ్ బీఎస్ఏ వాళ్లదే. తుపాకుల కంపెనీ పేరు పూల బుట్ట సైకిలు మీద!

పాతవే మంచివని మీ నాన్న అన్నాడట. అన్నీ కావు. రాడ్ బ్రేకులు వానలో నిలబెట్టవు, తడిసిన ఉక్కు రిమ్ము మీద లబ్బరు జారుతుంది. డైనమో పెడితే లైటు వస్తుంది కానీ ఎదురుగాలిలో తొక్కినట్టుంటుంది. సైకిలు బరువుకు పానగల్లు వైపు ఎత్తు ఎక్కాలంటే మా తరంవాళ్లం కూడా దిగి నెట్టుకునేవాళ్లం. నేను మెచ్చుకునేది ఒక్కటే, ఏ ముక్క పాడైనా ఎక్కడైనా దొరికేది. చిన్నోడి గేర్ల సైకిలు చూడు. వెనక గేరు వేలాడే ఆ చిన్న అల్యూమినియం ముక్క వంగితే ఆ మోడల్‌దే కావాలి, పక్క మోడల్‌ది పట్టదు. ఆ ముక్క తయారుచేయడం ఆపేస్తే మొత్తం సైకిలు మూలకు చేరుతుంది. కొనేముందు ఇది అడగాలని ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను.

మన ఇంట్లో ఉన్న అట్లాస్‌కు టైర్లు మార్చాను, ఫ్రీవీల్ కొత్తది వేశాను. బుజ్జమ్మకు సీటు అందదు కాబట్టి ముందు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కే కత్తెర తొక్కుడు నేర్పిస్తాను, మోకాళ్లు గీరుకుంటే మీ అమ్మకు నేను సర్దిచెప్పుకుంటా. వాల్ ట్యూబు ఎక్కించడం మాత్రం ఇద్దరూ నేర్చుకోవాలి. ఉమ్ము తడి చేసి తోస్తే సులువుగా ఎక్కుతుంది, బుజ్జమ్మ ఛీ అనకూడదు. దసరాకు వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో రాడ్ బ్రేకు లబ్బర్లు దొరికితే రెండు జతలు తెండి. మీ నాన్నకు చెబితే మరిచిపోతాడు, మీరే గుర్తుచేయండి.

మీ తాతయ్య
నల్లగొండ